తోడు నడిచిన దొర

చట్టం సొంతంగా చదివినవాణ్ణి కనక, ఆ ఆఫ్రికా పట్నంలో అది నాకంటే బాగా ఎవరికీ తెలియదని దాచకుండా చెప్పుకునేవాణ్ణి. నిజాయితీ అలాంటిది.

తెల్లవాళ్ల వీధిలో నల్లవాడు, పక్కన తెల్లవాడు లేకుండా నడిస్తే మూడు నెలల జైలు. ఏం చట్టమో, ఏం ఖర్మో.

కూతురి జ్వరానికి మందు తీసుకుని ఆ దారిన పోతున్న తెందాయి అనే బట్టలుతికేవాణ్ణి, చట్టంలో అక్షరం తప్పని పోలీసు దొర వీధి మొదట్లో, బయటే నిలబడ్డ నా ఎదుటే ఆపాడు.

"నీ పక్కన తెల్లవాడేడిరా?"

"మీరున్నారు కదా దొరా."

"నేను వెళ్లిపోతే?"

"తప్పవుతుంది. కానీ నన్ను పట్టుకోడానికి మళ్లీ నా పక్కకే రావాలి కదా."

దొర పదడుగులు వెళ్లి వెనక్కొచ్చాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. చివరికి విసిగిపోయి, "నడవరా నాయనా" అంటూ వీధి దాటేదాకా తనే తోడు నడిచాడు.

నా రంగుకూ అదే చట్టం. నేనేమో ఇన్నేళ్లూ ఆ వీధి తొక్కకుండా ఊరంతా చుట్టి ఇల్లు చేరాను. చట్టం కంఠతా వచ్చింది గానీ, దొర ముందు నోరు విప్పడం ఇప్పటికీ రాలేదు.