నీళ్ళెరుగని బిందె

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు గోలీలాడుకునే రోజుల్లో, మెట్లకోట అనే ఊరుండేది. ఊరు కొండ మీద, ఏరు కొండ కింద. మధ్యన మూడు వందల అరవై మెట్లు. పైన ఎంత తవ్వినా రాయి తప్ప నీళ్ళు పడేవి కావు. అందుకని తెల్లవారగానే ఆడవాళ్ళందరూ దిగి వెళ్ళి ఏటి నీళ్ళు మోసుకొచ్చేవారు. మగవాడు నీళ్ళు మోయడం ఆ ఊళ్ళో లేదు. ఎందుకు లేదని నన్నడక్కండి, తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ ఊళ్ళో అక్కోజు అనే కంచరి ఉండేవాడు. అతను ఇత్తడి బిందె చేశాడంటే, అబ్బ, చూసి తీరాలి! వేలితో మీటితే గంటలా ఖంగుమనేది. ఎండలో పెడితే కళ్ళు జిగేల్మనేవి. బయటూళ్ళ ధనవంతులు పోటీపడి కొని అటకల మీద దాచుకునేవారు. అలా కొనగా కొనగా, పాపం, వాళ్ళ అటకలన్నీ నిండిపోయాయి.

కంచరివీధికొక కట్టుబాటుంది. వరసగా మూడు సంతల్లో ఒక్క బిందె కూడా అమ్ముకోలేని కంచరి కొలిమి చల్లార్చి ఊరు విడిచి పోవాలి. అక్కోజు కొలిమి ఏడు తరాలుగా మండుతోంది.

మొదటి సంత వచ్చింది. జనం అతని బిందెలు చూసి ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత వేలు తీసేసి, పక్కనున్న కుమ్మరి దగ్గర మట్టి కుండలు కొనుక్కుని వెళ్ళిపోయారు.

"నా పనితనం ఇంకా చాలలేదన్నమాట" అనుకున్నాడు అక్కోజు. రేకు మందం పెంచాడు. బిందె చుట్టూ లతలు చెక్కాడు, లతల మీద నెమళ్ళు చెక్కాడు, నెమలి కంఠానికి హారం కూడా చెక్కాడు. ఆ ఓపికకు దణ్ణం పెట్టాలి!

రెండో సంతకు మూడూళ్ళ జనం చూడడానికి వచ్చారు. కొందరు చేతులు జోడించారు. కొన్నవాళ్ళు మాత్రం లేరు. డెబ్భై ఏళ్ళ గవరమ్మ ఆ నెమళ్ళను చాలాసేపు చూసి కదలబోయింది. అక్కోజు ఆపాడు.

"ఇందులో ఏం లోటుందవ్వా?"

"లోటా? దేవుడి ముందు పెట్టుకోవచ్చు నాయనా. నీళ్ళకు తీసుకెళ్ళాలంటేనే నాకు భయం."

అక్కోజు చిర్రుబుర్రులాడుతూ ఇంటికొచ్చాడు. "ఈ ఊరికి కళ్ళు లేవు. దాహం, నీళ్ళియ్యి" అన్నాడు. భార్య కామాక్షమ్మ నీళ్ళు ముంచింది. మట్టి కుండలోంచి. ఆమె కాపురానికొచ్చి పదిహేనేళ్ళయినా ఆ కుండను అతను ఆ రోజే చూశాడు.

"మన ఇంట్లో మట్టి కుండేమిటి కామాక్షీ?"

"మీ బిందె ఖాళీదే ఎత్తలేను, నిండుది ఎలా మోసేది? వెయ్యిసార్లు మీటి చూశారు కదా, ఒక్కసారైనా అందులో నీళ్ళు పోసి చూశారా?"

అక్కోజు నెమళ్ళ బిందె వైపు చూశాడు. నిజంగానే పోసి చూడలేదు.

మర్నాడు పొద్దున్నే అతను నెమళ్ళ బిందె పట్టుకుని ఏటికి దిగాడు. అరుగుల మీది మగవాళ్ళు పగలబడి నవ్వారు. అతను పట్టించుకోలేదు. నీళ్ళు ముంచి చంకనెత్తుకున్నాడు. యాభై మెట్లకు నెమలి ముక్కులు నడుమును గీరేశాయి. వంద మెట్లకు నీళ్ళు సగం తొణికిపోయాయి. నూట ఇరవయ్యో మెట్టు దగ్గర కూలబడ్డాడు.

అప్పుడు చూశాడతను.

నిండు చూలాలు కుండతో ఎక్కుతోంది. ఇంకొకామె చంకలో బిడ్డ, నెత్తిన కుండ. ఆ వెనకాల గవరమ్మ, నెత్తిన రెండు కుండలు, ఒకదాని మీద ఒకటి. చేత్తో పట్టుకోవడం కూడా లేదు. నవ్వుకుంటూ, కబుర్లాడుకుంటూ, చుక్క తొణకకుండా అంత కొండా ఎక్కిపోతున్నారు. రోజూ ఇలాగే, ఎండయినా వానయినా.

"ఇంత గొప్ప పని నా వాకిలి ముందునుంచే రోజూ నడిచి పోతుంటే, నేను ఇత్తడిని చూసుకుంటూ కూర్చున్నానే" అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడు రోజులు అతను ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒకే మాట అడిగాడు: "ఎక్కడ నొప్పి పెడుతుందమ్మా?" ఒకామె నడుము చూపింది. ఒకామె మోచెయ్యి చూపింది. గవరమ్మ నడినెత్తి చూపి, "ఇన్నేళ్ళకు అడిగావు" అంది.

మూడో సంత నాడు అక్కోజు ఒకే ఒక్క బిందె తెచ్చాడు. పల్చటి రేకు, ఇరుకు మూతి, చెయ్యి చుట్టుకునేంత మెడ, నెత్తి మీద కుదురుగా నిలిచేలా లోపలికి నొక్కిన అడుగు. ఒక్క నెమలి లేదు. జనం పెదవి విరిచారు. పొద్దు వాలుతోంది. కంచరివీధి పెద్దలు కొలిమిలో పొయ్యడానికి నీళ్ళు సిద్ధం చేసుకున్నారు.

"చూడొద్దమ్మా, మోయండి" అన్నాడు అక్కోజు. గవరమ్మ బిందె తీసుకుని మెట్లు దిగింది.

సంత సంతంతా కొండ అంచుకు చేరి చూసింది. కింద చీమంత కనిపిస్తున్న ముసలమ్మ నీళ్ళు ముంచి నెత్తికెత్తుకుంది. ఎక్కసాగింది. వంద మెట్లు. రెండు వందలు. ఎక్కడా ఆగలేదు. మూడు వందల అరవయ్యో మెట్టెక్కి, బిందె దించి, ఆశ్చర్యంగా తన నెత్తి తడుముకుంది గవరమ్మ.

"నేను దీన్ని మోసుకొచ్చినట్టు లేదు నాయనా, ఇదే నన్ను మోసుకొచ్చినట్టుంది. ఇది నాది, ఎవరికీ ఇవ్వను" అంటూ కొంగుముడి విప్పి డబ్బులిచ్చింది.

"నాకొకటి", "నాకూ" అంటూ ఆడవాళ్ళు అక్కోజును చుట్టుముట్టారు. పెద్దలు తెచ్చిన నీళ్ళు తామే తాగేసి ఇళ్ళకు పోయారు. మొదటి వరసలో నిలబడ్డ కామాక్షమ్మకు అక్కోజు రెండు చేతులా నమస్కరించాడు.

కాబట్టి పిల్లలూ, ఒక వస్తువు చేసి అమ్మదలచినవాడు, ముందుగా దాన్ని వాడేవారి కష్టమేమిటో తెలుసుకోవాలి.