పెన్సిలుతో తెరిచిన బ్రాకెట్

పదో తరగతిలో మండలానికే మొదటిదైన నీలవేణికి, కాలేజీ మొదటి పరీక్షలో ఇరవైకి మూడు మార్కులొచ్చాయి.

"చెట్లు ఆకులెందుకు రాలుస్తాయి?" అన్న ప్రశ్నకు, పాఠంలో ఖాదర్ మాస్టారు చెప్పిందంతా పొల్లుపోకుండా రాసింది మరి. ఆయన కాగితం కింద ఒక్క ముక్క రాసిచ్చారు: "ఇది నా జవాబు."

నీలవేణి లావుపాటి వృక్షశాస్త్రం పుస్తకం ఎత్తుకుని ఆయన గదికి పరుగెత్తింది.

"మాస్టారూ, జవాబుకి గుర్తు పెట్టివ్వండి. ఈసారీ తప్పితే ఊరెళ్లిపోతాను."

"ఏం గుర్తమ్మా?"

"ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకానో. మా స్కూల్లో సారు అటూ ఇటూ పెన్సిలుతో బ్రాకెట్లు పెట్టేవారు. ఆ మధ్యలోది బట్టీ కొట్టేసేదాన్ని. ఒక్క అక్షరం పోయేది కాదు!"

"ఓ, అదా! ఏదీ, పెన్సిలివ్వు."

మాస్టారు మొదటి పేజీ తిప్పి, మొదటి మాట ముందు బ్రాకెట్ తెరిచారు. పెన్సిలు తిరిగి ఆమె చేతిలో పెట్టారు.

"రెండోది పెట్టలేదు మాస్టారూ?"

"జవాబు అయిపోయిన చోట నువ్వు పెట్టుకో తల్లీ."

నీలవేణి లైబ్రరీలో కూర్చుంది. వాళ్ల స్కూల్లో పుస్తకాలు రెండు బీరువాలకు మించి లేవు, వాటికీ ఎప్పుడూ తాళాలే. ఇక్కడేమో చెయ్యి చాపితే చాలు! ఒక పుస్తకం చదివింది. అది చాలక ఇంకోటి తీసింది. అందులో ఏదో తగిలింది, మూడోది వెతికింది. అటెండరు తాళాల గుత్తి గలగలలాడించినా తల ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున్నే రొప్పుతూ వచ్చిపడింది.

"మాస్టారూ! నీళ్లు మిగుల్చుకోవడానికి ఆకు రాలుస్తుందని పుస్తకాల్లో ఉంది కదా. మరి మన గేటు దగ్గర వేప? ఎండలు ముదిరే వేళకే కదండీ అది లేత చిగురేసేది! దానికి నీళ్ల బెంగ లేదా? మూడు పుస్తకాలు చూశాను, నాకు దొరకలేదు!"

మాస్టారి మొహం విప్పారింది.

"ఇది ఎవరి ప్రశ్న?"

"నాదే!"

"మరి ఊరి ప్రయాణం?"

"భలేవారే! వేప చిగురేసేటప్పుడు దగ్గరుండి చూడొద్దూ?"

"సరే, బ్రాకెట్ ఎక్కడ మూశావు?"

నీలవేణి చేతిలో పెన్సిలు వైపు చూసుకుంది. దాని మొన చెక్కినది చెక్కినట్టే ఉంది.

దాన్ని జడలో గుచ్చుకుని, లైబ్రరీ వైపు పరుగుతీసింది.