బోర్లించిన పళ్లెం

కంచరపాలెంలో వెల్డింగ్ మిషన్లు బాగుచేయడం నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో లోకనాథం అనే యువకుడు ఉండేవాడు. పనిలో చురుకైనవాడే గాని, పదిమందిలో మాట పడటమంటే అతనికి ప్రాణసంకటం.

అక్కడ నేర్పే రత్నకుమారి మేడం ఒక పద్ధతి పెట్టింది. మిషను విప్పేటప్పుడు ఊడదీసిన ప్రతి స్క్రూనూ ఒక స్టీలు పళ్లెంలో వేయాలి. మళ్లీ బిగించాక అందరి ముందూ ఆ పళ్లెం బోర్లించి చూపించాలి. ఒక్క స్క్రూ రాలినా మిషను గుమ్మం దాటదు, మొదటినుంచీ విప్పాల్సిందే. రాలిందంటే తోటివాళ్లు సాయంత్రం దాకా ఏడిపించేవారు. లోకనాథం పళ్లెం మాత్రం ఏనాడూ చప్పుడు చేయలేదు.

ఆఖరి పరీక్ష రోజు అందరికీ బయటివాళ్ల మిషన్లే ఇచ్చారు. లోకనాథం వంతుకు వచ్చింది చేపల రేవులో పడవలు బాగుచేసే అప్పలస్వామిది. ఆయన చెప్పుల్లేని కాళ్లతో గుమ్మంలోనే నిలబడి, "బేగి కానీ బాబూ, పడవ ఒడ్డునే ఉండిపోనాది" అని తొందరపెట్టాడు.

అందరికంటే ముందే లోకనాథం మూత బిగించేశాడు. తీరా చూస్తే పళ్లెంలో ఒక చిన్న స్క్రూ మిగిలి ఉంది. మళ్లీ విప్పితే అందరికంటే వెనకబడతాడు, పైగా నవ్వులపాలు. మేడం అటు తిరిగి ఉంది. స్క్రూ చటుక్కున అతని జేబులోకి వెళ్లిపోయింది.

పళ్లెం బోర్లించాడు. ఏమీ రాలలేదు. మిషను కూడా బుద్ధిగా నిప్పురవ్వలు చిమ్మింది. పళ్లెం మీద నమ్మకంతో మేడం మూత తీయించలేదు. "శభాష్" అంది. అప్పలస్వామి మిషను ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం లోకనాథానికి ముద్ద దిగలేదు. స్క్రూ తొడకు గుచ్చుకుంటూనే ఉంది. బయటికి తీసి చూశాడు. దానికి పళ్లున్న వాషరు తగిలించి ఉంది. అలాంటి వాషరు ఆ మిషనులో ఒక్కచోటే ఉంటుంది, ఎర్తు తీగను మిషను ఇనప తొడుగుకు బిగించేచోట. లోపలి కరెంటు దారితప్పి ఆ తొడుగులోకి వస్తే భూమిలోకి పంపేది ఆ తీగే. అది ఊడి ఉంటే, ఆ కరెంటు ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది.

"ఏమీ కాదులే" అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అంతలో పైన రేకుల మీద టపటపా చినుకులు పడ్డాయి. తడి నేల, చెప్పుల్లేని కాళ్లు కళ్లముందు కదిలాయి. ఫోను చేద్దామంటే నంబరు మేడం దగ్గరుంది. అడిగితే ఎందుకంటుంది. అందరూ అక్కడే అన్నాలు తింటున్నారు.

ఇక ఉండలేకపోయాడు. "మేడం, ఇది అప్పలస్వామి గారి మిషనులోది. జేబులో దాచాను" అని అందరి ముందూ స్క్రూ చూపించాడు.

మేడం వెంటనే ఫోను చేసింది. మోగుతోందే గాని ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఇద్దరూ స్కూటరెక్కి వానలోనే రేవుకు పరుగుతీశారు. దారిపొడుగునా లోకనాథం కనిపించిన దేవుడికల్లా మొక్కాడు.

అప్పలస్వామి తడి ఇసకలో నిలబడి మిషను మీదకు చెయ్యి చాపుతున్నాడు. "ముట్టుకోకండి!" అని అరుస్తూ లోకనాథం వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

"ఏటయ్యా ఆ కంగారు?" అన్నాడు అప్పలస్వామి. "ఇందాకట్నించి ముట్టుకుంటే సెయ్యి జివ్వుమంటంది. నువ్వు బాగుసేసిందే కదా, నా సెయ్యే తిమ్మిరెక్కిందనుకున్నాను."

ఆ మాటకు లోకనాథం తల వాలిపోయింది. అక్కడికక్కడే మూత విప్పితే ఎర్తు తీగ వేలాడుతోంది. స్క్రూ బిగించి, ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చేశాడు.

ఆ ఏడు అతనికి సర్టిఫికెట్ రాలేదు. తర్వాతి బ్యాచిలో కొత్తవాళ్లతోపాటు మళ్లీ కూర్చున్నాడు. అక్కడ అప్పుడప్పుడు అతని పళ్లెంలోంచీ స్క్రూలు రాలుతుండేవి. తోటివాళ్లు నవ్వేవారు. అతను మాత్రం మూత విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు.

నీతి: తప్పును దాచుకుంటే మన పరువు దక్కుతుందేమో గాని, దాని ఫలితం మనల్ని నమ్మినవాళ్ల మీద పడుతుంది, అందుకే నలుగురూ నవ్వినా సరే, తప్పును వెంటనే ఒప్పుకోవాలి.