ముద్ద దిగని పైడయ్య

ఆశ్రమం ఆస్పత్రిలో ఎముకల డాక్టరు తారకానికి ఆ వారమంతా తల తీసేసినట్టుంది. పైడయ్య తుంటికి తను చేసిన ఆపరేషన్ చక్కగా కుదిరింది. ఎక్స్‌రేలో రాడ్డు పెట్టినచోటే ఉంది. మనిషి మాత్రం రోజురోజుకీ వడిలిపోతున్నాడు. కుట్లు మానడం లేదు. వాకర్ పట్టించి నిలబెడితే కాళ్ళు వణికి కూలబడుతున్నాడు.

కారణం తారకానికి తెలుసు. ముసలాయన తినడం లేదు. పాలు, గుడ్లు, పప్పు, రాగిజావ అన్నీ కేస్‌షీట్‌లో రాశాడు. వంటింట్లోంచి అన్నీ వేళకి వస్తున్నాయి. పైడయ్య రెండు మెతుకులు కతికి, "సాలమ్మా, ఆకల్లేదు" అని కంచం తోసేస్తున్నాడు. నీళ్ళు కూడా గొంతు తడుపుకునేంతే.

కొడుకు లారీ మీద ఒరిస్సా వెళ్ళాడు. తోడుగా ఉన్నది కోడలు నూకరత్నం. తారకం కోపమంతా ఆమె మీద వెళ్ళగక్కాడు.

"పెద్దాయనకి నాలుగు ముద్దలు తినిపించే ఓపిక కూడా లేదా నీకు?" అన్నాడు అందరి ముందూ.

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చదువుకున్నవాడి నోరు ఒక్కోసారి ఎంత పాపిష్టిదో!

మధ్యాహ్నం తన గురువుగారు, ఆశ్రమం పెద్దస్వామి దగ్గరికి వెళ్ళాడు. సన్యాసం తీసుకోకముందు ఆయన పేరున్న సర్జన్. తారకానికి కత్తి పట్టడం నేర్పిందీ, జపం నేర్పిందీ ఆయనే.

"స్వామీ, రేపు ముక్కులో గొట్టం వేసి పాలు పోయిస్తాను. లేకపోతే మనిషి దక్కడు. ఆ కోడలితో లాభం లేదు."

"బెడ్‌పాన్ ఎవరు పెడుతున్నారు?" అన్నారు స్వామి.

తారకానికి ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. "ఇంకెవరు? రోగి పనులన్నీ వెంట వచ్చినవాళ్ళేగా చూసేది. కోడలే."

స్వామి లేచి వార్డుకి నడిచారు. నూకరత్నాన్ని టీ తాగి రమ్మని పంపించారు. మంచం చుట్టూ తెర లాగి, కాషాయం నడుముకి దోపుకుని, మంచం కింద పాన్ బయటికి తీశారు.

"నడుం కింద చెయ్యి వేసి లేపు. కుట్లు జాగ్రత్త," అన్నారు తారకంతో.

పైడయ్య హడలిపోయాడు. "వొద్దు సాములోరూ! తమరు ముట్టుకోకూడదు. నాకు పాపం సుట్టుకుంటాది."

"మాకు కోడళ్ళు లేరు పైడయ్యా. మా పనులు మేమే చేసుకోవాలి."

ముసలాయనకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చింది.

"ఆ పిల్ల నా ముందర తలెత్తి మాటాడదు బాబూ. దాని సేత ఈ పని సేయించుకుంటంటే పేణం పోతంది. తింటే మళ్ళీ అదే కదా ఎత్తాల."

తారకం ముఖం పాలిపోయింది.

పని అయ్యాక స్వామి పాన్ అతని చేతికిచ్చారు. కడిగి వచ్చేసరికి నూకరత్నం కంచం పట్టుకుని నిలబడి ఉంది. పైడయ్య గుడ్డు తిన్నాడు. పప్పన్నం కలపమన్నాడు. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు తారకం ఆమెతో, వార్డంతా వినేలా.

బయటికి వచ్చాక గురువుగారిని అడిగాడు. "మందులేమైనా మార్చమంటారా స్వామీ?"

"అక్కర్లేదు. నువ్వు రాసిన తిండి సరిగ్గానే ఉంది," అన్నారు స్వామి చేతులు తుడుచుకుంటూ. "తినమన్నవాడివి నువ్వు. ఎత్తే పని కూడా నీదే."