గూడబాతుల బారులో రెండు ఖాళీలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి చివర ఒక సరస్సు. చిన్నాచితకా సరస్సు కాదు. దానికి అవతలి ఒడ్డు ఉందా లేదా అని కాకులు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉంటాయి. ఎగిరి వెళ్ళి చూసొచ్చిన కాకి మాత్రం ఒక్కటీ లేదు. వాదన అంటే వాటికి అంత ఇష్టం, ఎగరడమంటే అంత బద్ధకం.

ఆ సరస్సులో తెల్లచేపలు ఉండేవి. ఏడాదంతా అవి అడుగున చీకటి నీళ్ళలో తిరిగేవి. ఎవరికీ కనబడేవి కావు. చలికాలం మొదలై, పొద్దున్నే నీళ్ళ మీద మంచు పొగలా లేచే రోజుల్లో మాత్రం, గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరి గులకరాళ్ళ మీదికి వచ్చేవి. అదీ కొద్ది రోజులే. చలి ముదిరిందంటే మళ్ళీ లోతుకి వెళ్ళిపోయేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే గూడబాతుల గూళ్ళలో పిల్లలు పుట్టేవి. గూడబాతు తెలుసుగా? ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతుంటుంది. నడిస్తే బస్తా దొర్లుతున్నట్టు ఉంటుంది. దాని పిల్లలకి రెక్కలు రావాలంటే ఆ తెల్లచేపలే దిక్కు. చేపలు దొరికితే పిల్లలు బతుకుతాయి. దొరక్కపోతే బతకవు.

గూడబాతు ఒంటరిగా ఎంత తంటాలు పడినా చేపని పట్టడం దాని వల్ల కాదు. అందుకని అన్నీ కలిసి బారు కట్టేవి. నీళ్ళలో అర్ధచంద్రంలా నిలబడి, రెక్కలతో నీళ్ళు కొడుతూ, చేపల మందని నెమ్మదిగా ఒడ్డు వైపు తోలుకుపోయేవి. లోతు తగ్గిన చోట అన్నీ ఒక్కసారే సంచులు ముంచేవి.

ఆ బారులో ఎవరి చోటు వాళ్ళదే. రెక్కలొచ్చిన మొదటి చలికాలం ఎక్కడ నిలబడితే చచ్చేదాకా అక్కడే. ఎవరైనా చనిపోతే ఆ చలికాలమంతా వాళ్ళ చోటు ఖాళీగా ఉంచేవారు. ఆ ఖాళీలోంచి తప్పించుకున్న చేపల్ని గూడబాతులు తరమకూడదు. అవి పోయినవాళ్ళ వంతు. మరుసటి ఏడు అందరూ కాస్త కాస్త జరిగి ఆ ఖాళీని మూసేవారు. ఇది ఎప్పటినుంచి వస్తున్న ఆచారమో బారుకి పెద్దయిన బారయ్య తాతకి కూడా తెలియదు.

ఆ బారులో సంచయ్య అనే గూడబాతు ఉండేవాడు. అతని ఎడమ పక్క చోటు అతని భార్య రేవమ్మది. రేవమ్మకి అవతలి చోటు తుంగమ్మది. రేవమ్మ నోరు ఊరుకునేది కాదు. చేపలు బెదురుతాయే అని బారయ్య తాత ఎన్నిసార్లు కసిరినా వినేది కాదు. ఆవిడ కబుర్లు చెబుతుంటే సంచయ్య "ఊఁ" కొడుతూ నీళ్ళు కొట్టేవాడు.

ఆ ఏడు వానలు పోతూ పోతూ ఒక తుఫాను తెచ్చిపెట్టాయి. ఆ గాలిలో రేవమ్మ చెట్టు కొమ్మకి కొట్టుకుని కింద పడింది. మళ్ళీ లేవలేదు.

చలి వచ్చింది. బారు కట్టారు. రేవమ్మ చోటు ఖాళీగా ఉంచారు. సంచయ్య వెళ్ళి తన చోటులో నిలబడ్డాడు. ఎడమ పక్కన నీళ్ళు. ఉత్త నీళ్ళు. చేపలు అందులోంచి జారిపోతుంటే అందరూ మర్యాదగా ముందుకే చూశారు. అతనికి అటు చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండడమూ చేతకాలేదు. మధ్యలో ఒకసారి, ఎవరూ ఏమీ అనకుండానే, "ఊఁ" అన్నాడు. అని, తనే ఉలిక్కిపడ్డాడు. అవతల తుంగమ్మ విన్నది. విననట్టే ఊరుకుంది.

వేట అయ్యాక సంచయ్య నేరుగా బారయ్య తాత దగ్గరికి వెళ్ళాడు.

"తాతా, నాకు పిల్లల్లేరు. ఉన్నది నా ఒక్క పొట్ట. దానికోసం రోజూ ఆ ఖాళీ పక్కన నిలబడలేను. నన్ను వదిలెయ్యి" అన్నాడు.

కాస్త ఆలోచించుకోరా అన్నాడు తాత. అప్పటికే సంచయ్య రెక్కలు విప్పాడు. తను లేకపోతే ఎవరికీ ఏ లోటూ లేదని అతని నమ్మకం. దుఃఖంలో ఉన్నవాళ్ళకి అలాగే అనిపిస్తుంది పిల్లలూ. అలా అనిపించడం తప్పని నేను అనను. కానీ అది నిజం కాదు.

సరస్సుకి ఉత్తరపు కొసన జమ్ముగడ్డి దట్టంగా పెరిగిన ఒక మూల ఉంది. గూడబాతులు అటు వెళ్ళవు. సంచయ్య అక్కడ వాలాడు. చుట్టూ మంచు. ఎవరి గొంతూ వినబడదు. పక్కన ఖాళీ అన్నమాటే లేదు, ఎందుకంటే పక్కన అసలెవరూ లేరు. ఇదే నయం అనుకున్నాడు. కడుపు మాత్రం అలా అనుకోలేదు.

ముందు లకుముకిపిట్ట కనబడింది. పిడికెడు పిట్ట. జమ్ము కొస మీంచి తలకిందులుగా దూకి, చేపతో పైకి లేచింది. నాకూ నేర్పమని సంచయ్య అడిగాడు. నేర్పడానికేముంది, ఎత్తుకి వెళ్ళి దూకడమే అంది అది. సంచయ్య ఎత్తుకి ఎగిరి, కళ్ళు మూసుకుని దూకాడు. దబ్బుమని పెద్ద చప్పుడైంది. గూడబాతు ఒళ్ళు దూదిబస్తా కదా, ఎక్కడ మునుగుతుంది? నీళ్ళ మీదే పడి అటూ ఇటూ ఊగాడు. చుట్టుపక్కల చేపలన్నీ పారిపోయాయి. లకుముకిపిట్ట నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. ఈ పూట నా తిండి పోయిందని గొణుక్కుంటూ వేరే చోటికి ఎగిరిపోయింది.

మర్నాడు నారాయణపక్షి కనబడింది. అదే, బూడిదరంగు పెద్ద కొంగ. నీళ్ళలో ఒంటికాలి మీద కొయ్యలా నిలబడి ఉంది. సంచయ్య పక్కకి వెళ్ళబోతే, అంత దగ్గరికి రావద్దు, నా నీళ్ళలో నీ నీడ పడితే చేపలు రావు అంది. సరేనని దూరంగా నిలబడ్డాడు. నిలబడ్డాడని అంటున్నాను గానీ, గూడబాతు కాళ్ళు పొట్టివి. అడుగు అందలేదు. పొద్దు వాలేదాకా తేలుతూనే చూశాడు. దారి తప్పిన చిన్న చేప ఒకటి తనంతట తానే వచ్చి సంచిలో పడింది. ఆ రోజుకి తిండి అదే.

చీకటి పడకముందే నారాయణపక్షి వెళ్ళబోతుంటే సంచయ్య ఆపి అడిగాడు.

"ఇలా ఒక్కదానివే ఎలా ఉండగలుగుతున్నావు?"

"నాకు చిన్నప్పటినుంచీ ఇలాగే బాగుంటుంది" అంది నారాయణపక్షి. "నీకు బాగున్నట్టు లేదు. పొద్దుటినుంచీ నీ ఎడమ పక్కకే చూస్తున్నావు."

ఆ మాట అని అది వెళ్ళిపోయింది. సంచయ్య జమ్ములో ముడుచుకుని పడుకున్నాడు. రేవమ్మ ఉంటే ఈ దూకడం సంగతి వారం రోజులు చెప్పుకుని నవ్వేది. ఇప్పుడు చెప్పుకోవడానికి ఎవరున్నారు? ఒకళ్ళ పక్కన ఉంటే రేవమ్మ లేదని తెలుస్తోంది. ఎవరూ లేని చోటికి వస్తే అది ఇంకా ఎక్కువగా తెలుస్తోంది. అతనికి చాలా ఏడుపొచ్చింది.

ఆ తర్వాత వచ్చింది నీటికుక్క. వెల్లకిలా తేలుతూ, పొట్ట మీద చేపని పెట్టుకుని నములుతోంది. బాగా బలిసి ఉంది. సంచయ్యని చూసి జాలిపడి ఒక చేప తలకాయ విసిరింది. విసిరి, కబుర్లు మొదలుపెట్టింది.

"ఈ ఏడు మీ బారు పాడైపోయిందిగా. రేవమ్మ చోటూ నీ చోటూ కలిసిపోయి పెద్ద గుమ్మం తెరిచినట్టైంది. మందకి మంద అందులోంచే బయటపడుతోంది. మీవాళ్ళు రెక్కలు పడిపోయేలా కొట్టి కొట్టి ఉత్త సంచులతో ఇంటికి పోతున్నారు. నాకేం, గుమ్మం బయట పడుకుంటే చేపలు నోట్లోకే వస్తున్నాయి."

సంచయ్య వెంటనే తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. బారయ్య తాత తెలివైనవాడు, ఈపాటికి నా చోటు మూసేసే ఉంటాడు అనుకున్నాడు. బతికి ఉన్నవాళ్ళ చోటుని బారు ఎన్నడూ మూయలేదని అతనికి తెలుసు. తెలిసీ ముఖం తిప్పుకున్నాడు. తలకాయ తినేసి జమ్ములోకి వెళ్ళిపోయాడు.

చలి ఇంకాస్త పెరిగింది. ఒక పొద్దున మంచులోంచి రెక్కల చప్పుడు వినబడింది. తుంగమ్మ వచ్చి వాలింది. మెడ సన్నబడిపోయి ఉంది. ఎగిరి వచ్చిన ఆయాసం చాలాసేపటిదాకా తీరలేదు.

"బాగున్నావా అన్నయ్యా?" అని అడిగింది.

బాగానే ఉన్నానన్నాడు సంచయ్య. పిల్లలు ఎలా ఉన్నారని అడిగాడు.

"ఇద్దరూ బాగున్నారు."

తుంగమ్మకి ఆ ఏడు ముగ్గురు పుట్టారు. ఆ సంగతి సంచయ్యకి తెలుసు. అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"చిన్నది నిన్న పోయింది" అంది తుంగమ్మ. గొంతు పెంచలేదు. "పెద్దవాళ్ళిద్దరూ ముందు నోరు తెరిచేవాళ్ళు. దాని దాకా వచ్చేసరికి నా సంచిలో ఏమీ మిగిలేది కాదు. ఖాళీ సంచిలోనే తల పెట్టి వెతుక్కునేది."

"నా చోటు మూసెయ్యలేదా మీరు?"

"బతికున్నవాళ్ళ చోటు ఎలా మూస్తాం? నిన్న తాత అన్నాడు, ఇక లాభం లేదు, సంచయ్య చోటు మూసేద్దాం అని. నేనే వద్దన్నాను."

"పిల్ల పోయాక కూడా వద్దన్నావా?"

"మూసేస్తే నువ్వూ మాకు పోయినట్టే. రేవమ్మ పోయింది. నా చిన్నది పోయింది. నిన్ను కూడా వాళ్ళతో కలపడానికి నాకు మనసొప్పలేదు. ఒక్కసారి వెళ్ళి పిలిచి వస్తానని చెప్పి వచ్చాను. రావడం, రాకపోవడం నీ ఇష్టం. రాకపోతే రేపు మూసేస్తారు. ఉన్న ఇద్దర్నీ నేను బతికించుకోవాలి."

ఉన్నది నా ఒక్క పొట్ట అన్నాడు కదా సంచయ్య తాతతో. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాడు. తన పొట్ట ఒక్కటే అనుకున్నాడు. తను నిలబడే చోటు మీద ఎన్ని పొట్టలు ఆధారపడి ఉన్నాయో ఒక్కసారీ చూసుకోలేదు. క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ మాట చాలా చిన్నదిగా అనిపించింది. చివరికి వేరే మాట అడిగాడు.

"దానికి పేరు పెట్టావా?"

"లేదు" అంది తుంగమ్మ. "రెక్కలొచ్చాక పెడదామనుకున్నాను."

ఇద్దరూ కలిసి ఎగిరారు.

వాళ్ళు వెళ్ళేసరికి బారు కడుతున్నారు. సంచయ్యని చూసి ఎవరూ దెప్పలేదు, ఎవరూ సంబరపడలేదు. బారయ్య తాత మాత్రం, చలి ముదురుతోంది, త్వరగా నిలబడు అన్నాడు. సంచయ్య తన చోటులోకి వెళ్ళాడు. ఎడమ పక్కన ఎప్పటిలాగే ఉత్త నీళ్ళు. ఆ నీళ్ళకి అవతల తుంగమ్మ. అందరూ రెక్కలెత్తి కొట్టడం మొదలుపెట్టారు. తెల్లచేపలు రేవమ్మ చోటులోంచి కొన్ని జారిపోయాయి. మిగిలిన మంద అంతా ఒడ్డు వైపు కదిలింది. ఆ రోజు సంచులు నిండాయి.

తుంగమ్మ గూట్లో ఇద్దరూ కడుపునిండా తిన్నారు. తెల్లచేపలు లోతుకి వెళ్ళిపోయేలోపు వాళ్ళకి రెక్కలు కూడా వచ్చాయి. చిన్నది మాత్రం తిరిగి రాలేదు. కొన్ని కథల్లో పోయినవాళ్ళు తిరిగొస్తారు, నిజమే. ఈ కథలో రాలేదు.

సంచయ్య మళ్ళీ బారు విడవలేదు. అతని బాధ తీరిపోయిందా అని మీరు అడుగుతారు. తీరలేదు. చాలాసార్లు బారులో నిలబడే ఏడ్చాడు. ఏడుస్తూనే నీళ్ళు కొట్టాడు. అవతల తుంగమ్మ కూడా అలాగే కొట్టింది.

నీతి: మనకి ఎవరూ లేరనుకుని మన చోటు వదిలి వెళ్ళినా, ఆ చోటు మీద ఆధారపడ్డవాళ్ళు ఉంటారు. బాధ తీరకపోయినా, వాళ్ళ కోసం మన చోట్లో మనం నిలబడాలి.