పోలయ్య చెప్పబోయిన మాట

శిష్యులు ఏదైనా అడిగితే ఆ రోజే జవాబు చెప్పే అలవాటు డాక్టర్ పరాంకుశం గారికి లేదు. ఆ బోధనాసుపత్రి మత్తు విభాగంలో ఆయన దగ్గర చదువుకుని, ఒక్క జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు. రెండో ఏడాది పీజీ చదువుతున్న లిఖితకు మాత్రం అది మర్నాడే దొరికింది.

ఆపరేషన్‌కు మత్తు ఇచ్చాక మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. గొంతులోంచి గొట్టం దించి ఊపిరి అందించాలి. కొందరికి ఆ గొట్టం దిగదు. వాళ్ళెవరో ముందే కనిపెట్టడానికి ఆ ఏడాది విభాగానికి ఒక కృత్రిమ మేధ ప్రోగ్రాం వచ్చింది. రోగి ముఖాన్నీ మెడనూ ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటో తీస్తే చాలు, కష్టమైతే ఎరుపు, సులువైతే ఆకుపచ్చ చూపిస్తుంది. కిందటి నెల ఇద్దరు సీనియర్లు చూసి ఫరవాలేదన్న ఒకామెకు అది ఎరుపు చూపించింది. అదే నిజమైంది. ముందే తెలిసింది కాబట్టి ఆమె క్షేమంగా ఇల్లు చేరింది. అప్పటినుంచీ లిఖితకు దానిమీద గురి కుదిరింది.

“అది మనకన్నా బాగా చెబుతున్నప్పుడు, ఆపరేషన్‌కు ముందురోజు మనం మంచం మంచానికీ తిరిగి రోగుల్ని మాట్లాడించడం దేనికి సార్?” అని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని థియేటర్‌లోకి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం ఆమె వార్డులో పదకొండు మందిని చూడాలి. ఆరో మంచం మీద పోలయ్య ఉన్నాడు. రంపపు మిల్లులో దుంగలెత్తే మనిషి, పిత్తాశయంలో రాళ్ళు. పక్కన భార్య అప్పలనరసమ్మ. లిఖిత ఫొటోలు తీసింది, ఆకుపచ్చ వచ్చింది. “అంతా బాగుందని వచ్చింది, భయం లేదు” అని చెప్పి ఫోను వాళ్ళిద్దరికీ చూపించింది. పోలయ్య గొంతు మీద చెయ్యి వేసుకుని, “అది కాదమ్మా...” అని మొదలుపెట్టాడు. మత్తంటే అందరికీ ఉండే బెరుకే అనుకుని, అతని భుజం తట్టి, ఆమె ఏడో మంచం దగ్గరికి నడిచింది.

మర్నాడు థియేటర్‌లో పరాంకుశం గారు కూడా పోలయ్య నోరు తెరిపించి టార్చి వేసి చూశారు. ఆయనకూ తేడా కనిపించలేదు. మత్తు ఇచ్చారు. మాస్కు పెట్టి ఎంత నొక్కినా గాలి లోపలికి పోలేదు. కెమెరా దించి చూస్తే, నాలుక మొదట్లో ఉబ్బిన కండ దారినంతా మూసేసి ఉంది. బయటినుంచి ఏ కంటికీ, ఏ ఫొటోకూ అందని చోటది. లిఖిత రెండుసార్లు, ఆయన ఒకసారి ప్రయత్నించారు. గొట్టం దిగలేదు. చివరికి సర్జన్ మెడ కోసి ఊపిరికి దారి చేసేసరికి ఏడు నిమిషాలు దాటిపోయాయి. ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంది గానీ, కనుపాపలు వెలుతురుకు కదల్లేదు.

బయటికి వెళ్ళి అప్పలనరసమ్మకు పరాంకుశం గారే చెప్పారు. ఏం జరిగిందో, ఏం చేశారో, మనిషి ఇక లేవకపోవచ్చనీ, తానూ చూసి కనిపెట్టలేకపోయాననీ, ఏదీ దాచలేదు. ఆమె ఏడవకుండా అంతా విన్నది.

“నిన్న బాగుందని సెప్పినారు గదా బాబూ. అలాగ సెప్పిందెవులు?” అంది.

లిఖిత థియేటర్ టోపీ, మాస్కు తీయకుండానే ఆయన పక్కన నిలబడి ఉంది. ఆయన లిఖిత వైపు చూడలేదు. ప్రోగ్రాం సంగతి లిఖిత నాలుక చివరిదాకా వచ్చింది. అప్పలనరసమ్మ ముఖం చూశాక చెప్పడానికి నోరు రాలేదు.

“నేనేనమ్మా.”

అప్పలనరసమ్మ ఆమెను తేరిపార చూసింది. పడుకుంటే గొంతుకేదో అడ్డం పడి ఉలిక్కిపడి లేచేవాడనీ, ఆరు నెలలుగా కూర్చునే నిద్రపోతున్నాడనీ, ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాలని నిన్న పొద్దుటినుంచీ అనుకుంటూనే ఉన్నాడనీ మెల్లగా చెప్పింది. తర్వాత, తప్పు పట్టినట్టు కాకుండా, గుర్తు చేసుకుంటున్నట్టుగా, “సెప్పబోతే నువ్వు అవతల మంచం కాడికి ఎల్లిపోనావమ్మా” అంది.

మూడో రోజు పోలయ్య పోయాడు.

ఆ మధ్యాహ్నం లిఖిత గురువుగారి గదికి వెళ్ళి, ఫోనులోంచి ఆ ప్రోగ్రాం తీసేశానని చెప్పింది. ఇక ఈ చదువు తనవల్ల కాదేమోనని కూడా చెప్పింది. ఆయన మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. మర్నాటి ఆపరేషన్ల జాబితా ఆమె ముందుకు జరిపారు.

“ఫోనులో దాన్ని మళ్ళీ పెట్టుకో,” అన్నారు. “రేపటికి నలుగురున్నారు. వార్డుకు వెళ్ళేటప్పుడు నువ్వు కూర్చోవడానికి కుర్చీ ఒకటి తీసుకెళ్ళు.”