పాట ఆగితే తలుపు కొట్టిన అసిరమ్మ

“నీ పెట్టేనే ఆ ఇమానాల్ని పిలుస్తంది! దీపం ఆర్పమన్నారు, ఆర్పేసినాం. పొయ్యి ఆర్పమన్నారు, ఆర్పేసినాం. నువ్వేమో కిటికీలో బాకాలెట్టి ఆకాశానికి వినిపిస్తన్నావు. సిగ్గు నేదేటే నీకు?”

అన్నది మేస్త్రీ గవరయ్య. పడ్డది అసిరమ్మ. నలభై గడపల వీధి చుట్టూ నిలబడి చూసింది.

ఎప్పటి మాటంటే, రాజుల కాలం కాదు, మన కాలమూ కాదు. దీపం వెలిగిస్తే తప్పయిన కాలం. సముద్రం అవతల ఎవరో ఎవరితోనో యుద్ధం పెట్టుకున్నారట. బాంబులు మాత్రం మనోళ్ల మీద పడ్డాయి.

ఆ కాలంలో ఒక రేవుండేది. రేవుకి ఓడలొచ్చేవి. ఆ ఓడల్లోకి ఆడోళ్లు తట్టలతో నల్లరాయి మోసేవారు. పొద్దు పొడిచిన కాణ్ణించి పొద్దు గూకేదాకా అదే పని. వాళ్లతో పని చేయించే మేస్త్రీ ఒకడు, వాళ్లకో వీధి. వీధి చివర దొరల క్లబ్బు. ఆ క్లబ్బు ఊడ్చే మనిషే అసిరమ్మ.

చదువు లేదు. మొగుడు లేడు. కూతురు దాలమ్మ రాయి మోస్తది, దాలమ్మకో చంటిబిడ్డ. ఆ ఇద్దరే అసిరమ్మకి ఉన్నదంతా. ఇంకోటి కూడా ఉండేదనుకోండి. చెవి. దొరలు లోపల గెంతుతుంటే వరండాలో చీపురు పట్టుకుని ఇరవయ్యేళ్లు బాకాలు విన్న చెవి అది.

మొదటి బాంబు సముద్రంలో పడింది. దొరలు రైలెక్కేశారు. వాళ్ల వెనకాలే గుమాస్తాలూ ఎక్కేశారు. రాయి మోసేవాళ్లని మాత్రం కదలనివ్వలేదు. ఓడలు నిండాలి కదా మరి.

పోతూ పోతూ దొర క్లబ్బు తాళాలు అసిరమ్మ చేతిలో పడేశాడు. “దుమ్ము పట్టనివ్వకు” అన్నాడట. అంతే.

లోపల రేడియో పెట్టె ఉంది. దాని మరలు రెండు తెలుసు అసిరమ్మకి. ఒకటి తిప్పితే బతుకుతుంది, ఇంకోటి తిప్పితే అరుస్తుంది. స్టేషను చూపే ముల్లు జోలికి మాత్రం పోలేదు. దొర ఎక్కడ వదిలాడో అక్కడే ఉంచేసింది.

వీధిలో పొద్దు గూకితే చీకటే. భయపడి పిల్లలు ఏడ్చేవారు. భయపడి తల్లులు కొట్టేవారు. ఒక సాయంత్రం అది వినలేక అసిరమ్మ ఆ పెట్టెని కిటికీలోకి లాగి, వీధి వైపు తిప్పి, మర గట్టిగా తిప్పింది.

ముందు ఒక బాకా తుమ్మింది. పక్కనున్న పది బాకాలూ ‘ఏటైంది, ఏటైంది’ అని ఒక్కసారే అడిగాయి. కింద డోలు తాపీగా నడుస్తోంది, ఎవరికీ తొందర్లేనట్టు. సన్నాయిలాంటిదేదో మధ్యలో దూరి గిరగిరా తిరిగింది. మళ్లీ బాకాలన్నీ కలిసి విరగబడి నవ్వాయి.

వీధి తలుపులు తెరుచుకున్నాయి.

“ఓలమ్మో, ఏటే ఈ గోల?”

“దొరలు గెంతే పాట, పిన్నీ.”

“దొరలు పోనారు కదే. ఇప్పుడెవరు గెంతుతారు?”

ఎవరు గెంతుతారు! మెడలు పట్టేసిన ఆడోళ్లే గెంతారు. మాట ఒక్కటీ తెలీదు, కాళ్లకి మాత్రం తెలిసిపోయింది. పిల్లలు ఏడుపు మానేశారు. రోజూ అంతే. ఎవరైనా పైకి చూసి బెదిరితే అసిరమ్మ అనేది:

“మోగతంది కదా. కూకోండి.”

ఒక సాయంత్రం పాట మధ్యలో బాకా ఊపిరి తీసుకుంది. మళ్లీ వదల్లేదు. పెట్టె చచ్చిందనుకుని అందరూ ఇళ్లకి పోయారు. బువ్వ నోట్లో పెట్టుకునేలోపు విమానాలొచ్చాయి. వీధిలో ఐదుగురు పోయారు. రేవు సైరను ఆ తర్వాత మోగింది.

శత్రువుల విమానం ఆ పాట పట్టుకుని దారి వెతుక్కుంటుందని, అది వస్తోందని తెలియగానే పాట పంపే చోటే ఆపేసేవారట. ఇది చదువుకున్నోళ్లు ఎప్పటికో చెప్పిన మాట. అసిరమ్మకి ఇదంతా తెలీదు. పాట ఆగింది, బాంబు పడింది. అంతవరకే తెలుసు.

ఇంకో సాయంత్రం పాట మళ్లీ ఆగింది. అసిరమ్మ వెంటనే లేచింది. చెత్త ఎత్తే రేకు పట్టుకుంది, చీపురు కర్రతో బాదుకుంటూ వీధంతా పరిగెత్తింది.

“ఆగిపోనాది! లెగండి! బేగి!”

అందరూ వీధి వెనకాల తవ్విన కందకంలోకి దూకారు. విమానాలొచ్చాయి. మూడిళ్లు నేలమట్టం. ఒక్క మనిషికి గీత పడలేదు.

ఆమె కాళ్లకి దండం పెట్టుంటారు అనుకుంటున్నారు కదూ? లేదు. తెల్లారేసరికి ఆ వీధిలో ఒకటే ప్రశ్న. ఈవిడకెలా తెలిసింది? అదిగో, అప్పుడన్నాడు మేస్త్రీ నేను ముందు చెప్పిన మాట.

“పాట ఆగిపోనాది బాబూ, అందుకే తెలిసింది” అంది అసిరమ్మ.

“పాటాగితే ఇమానం ఎందుకొస్తాదే?”

“నాకేటి తెలుసు? అది ఆగితే అవి వస్తన్నాయి.”

“అది మోగబట్టే వస్తన్నాయి!”

“మోగినన్నాళ్లూ వచ్చినాయేటి, బాబూ?”

మేస్త్రీ గొంతు పెంచాడు. అతనికి సూరమ్మ తోడొచ్చింది. వీధిలో పోయిన ఆ ఐదుగురిలో ఒకడు ఆమె మొగుడు.

“నువ్వు బాకాలు వాయించుకో, నా మొగుడు సచ్చిపోనాడు! నీ నోట మన్నెట్ట!”

అసిరమ్మ కూతురి వైపు చూసింది. దాలమ్మ బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

“ఇచ్చేయే అమ్మా. మేం ఈ వీధిలో బతకాల.”

ఆ మాటతో అసిరమ్మ క్లబ్బు గుమ్మంలోంచి పక్కకి జరిగింది. “సముద్రంలో పారేస్తాను” అంటూ మేస్త్రీ పెట్టెని భుజానెత్తుకుపోయాడు. దాని తీగ కూడా పీక్కుపోయాడు. సముద్రంలో పారేసేవాడికి తీగెందుకని ఒక్కరూ అడగలేదు.

మేస్త్రీది కంపెనీ ఇల్లు. కరెంటుంది. రెండు రోజులు పోయాక, పొద్దు గూకే వేళ, అసిరమ్మ చెవి నిక్కింది. మేస్త్రీ ఇంట్లోంచి ఏదో మూలుగు. బొంత కప్పారు, తలుపులు వేశారు, అయినా బాకా బాకానే.

“పారేయనేదే దాలమ్మా. ఇంటన్నాడు.”

“ఊరుకోయే. మళ్లీ మొదలెట్టకు.”

“ఇననీ. ఆగితే సెప్తాడు కదా. పిల్లలున్నోడు.”

అలా నమ్మింది. నమ్మినా, రోజూ సాయంత్రం మేస్త్రీ పెరటి గోడకి వీపు ఆనించి కూచునేది. మోగుతున్నంతసేపూ తనలో తనే అనుకునేది, “మోగతంది కదా. కూకో.”

మూడోసారి పాట ఆగింది.

అసిరమ్మ లేచి నిలబడింది. మేస్త్రీ వీధి తలుపు తీస్తాడని చూసింది. తీయలేదు. తెరుచుకున్నది పెరటి తలుపు. ముందు మేస్త్రీ, వెనకాల పెళ్లాం, ఇద్దరు పిల్లలు, ఒక మూట. చప్పుడు కాకుండా గొళ్లెం వేస్తున్నాడు.

“బాబూ, వీధోళ్లకి సెప్పవేటి?”

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. “నోర్ముయ్యవే! పెట్టె నా ఇంట్లో ఉందని తెలిస్తే నా పరువేటవుద్ది?”

అని కందకం దారి పట్టాడు.

రేకు లేదు, కర్ర లేదు. క్లబ్బుదాకా పోయే వ్యవధి లేదు. అసిరమ్మ పిడికిలితో తలుపులు బాదింది.

“ఆగిపోనాది! లెగండి! బేగి!”

“పెట్టె నేదు, పాట నేదు. ఏటాగిందే నీకు, బుర్రా?” లోపల్నించి నవ్వులు.

దాలమ్మ తలుపు తీసింది. తల్లి పిడికిలి మీద నెత్తురు చూసింది. ఇంకేం అడగలేదు, బిడ్డనెత్తుకుంది.

“నువ్వూ రాయే అమ్మా!”

“ఇంకా సగం వీధుంది. నువ్వు పో.”

దాలమ్మ పరుగు చూసి పక్కింటోళ్లు లేచారు, వాళ్లని చూసి ఇంకొందరు లేచారు. లేవనోళ్లు లేవలేదు. అసిరమ్మ వెళ్తూనే ఉంది. వీధి చివరికి చేరేసరికి ఆకాశం ఉరిమింది.

తెల్లారాక అసిరమ్మ శవం సూరమ్మ గుమ్మంలో దొరికింది. తిట్టిన సూరమ్మే. గుమ్మం తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. సూరమ్మ ఆ కేకకే లేచి అప్పటికే కందకంలో ఉంది.

యుద్ధం అయిపోయింది. దొరలు తిరిగొచ్చారు. కందకంలోకి అందరికంటే ముందు దిగినోడెవరని అడిగారు. గవరయ్య అన్నారు. దారి చూపి వీధిని కాపాడినోడని అతని రొమ్ముకి బిళ్ల పెట్టారు, రేవు దగ్గర రాయి మీద పేరు చెక్కించారు. క్లబ్బులో పెట్టె లేదని చూసుకుని, ఊడ్చేది ఎత్తుకుపోయిందని పోలీసు కాగితంలో రాయించారు. అసిరమ్మ పేరు ఎక్కడైనా రాసుందీ అంటే ఆ కాగితంలోనే. వీధికి నిజం తెలుసు. మేస్త్రీ కింద పని చేసుకోవాలి. నోరు మెదపలేదు.

మేస్త్రీ పోయాక మెదిపింది. మొదట చెప్పింది సూరమ్మేనట.

ఇప్పటికీ ఆ రేవు పక్క పెళ్లిళ్లలో బ్యాండు మేళం పాట మధ్యలో ఆగకూడదు. ఊపిరందక ఆగిందా, పంక్తిలో తింటున్నోళ్లు కూడా ఎంగిలి చేత్తో లేచి బయటికొస్తారు. వచ్చేటప్పుడు పక్కింటి తలుపు మూడుసార్లు కొడతారు. “ఎవరు?” అని లోపల్నించి అడిగితే, “అసిరమ్మ” అంటారు. ఆ రాయి మీద గవరయ్య పేరు ఇంకా ఉంది. దాని మీద పిల్లలు వలలు ఆరేస్తారు.

కథ విన్నారు కదా, ఒక్కటి చెప్పండి. మీ ఒక్కరికే వినపడే పాట మధ్యలో ఆగిపోతే, మీరు తీసేది ఏ తలుపు, వీధిదా, పెరటిదా?